సర్ ఆర్థర్ కాటన్: ఇసుకపై నిలిచిన నక్షా

ఒక వస్తువును తయారు చేయుటకు పూర్వము దాని రూపమును మనస్సులో నిర్ణయించి కాగితముపై గీయుటను ఉర్దూలో నక్షా అందురు. తెలుగు రైతు, తెలుగు మేస్త్రీ కూడ ఆ మాటనే తమదిగా చేసికొన్నారు. మంచి నక్షా అనగా కంటికింపైన బొమ్మ యని పలువురు తలంతురు. అది పొరపాటని చెప్పుటకు మన జిల్లాలోని సంగమే చాలును. అచ్చట పెన్నానదిపై 1886లో పూర్తియైన ఆనకట్టలో అలంకారమన్నది లేదు. అయినను ఎడమగట్టున కనిగిరి రిజర్వాయరుకు, కుడిగట్టున కనుపూరు కాలువకు నీటినందించుచు అది నూరేండ్లకు పైబడి పనిచేసినది. 2022లో దాని బాధ్యతను కొత్త బ్యారేజి స్వీకరించినది. సంగం ఆనకట్టను కాటన్ దొర స్వయముగా కట్టలేదు. కాని ఇసుకనేలపై ఆనకట్ట నిలుపు విద్యను మన నదులకు అలవాటు చేసినవారు ఆయనే. కనుక మంచి రూపకల్పనకు ఏమి కావలెనో ఆయన జీవితమునుండి గ్రహింప యత్నింతము.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లాండులో జన్మించినారు. అడిస్కోంబు సైనిక విద్యాలయమున చదివి, ఇంజనీరుగా 1821లో మదరాసు చేరినారు. ఆయనకు మొదటి గురువు పుస్తకము కాదు, కావేరిపైనున్న కల్లణై. కరికాల చోళుని పేర చెప్పబడు ఆ కట్టడము అట్టడుగున రాతిపొర లేకయే, ఇసుకలో బండరాళ్ళు దిగి కుదురుకొనగా నిలిచినది. నది అడుగున గట్టినేల దొరకనిచోట కట్టడము అసాధ్యమను భావము అప్పటి యూరపు ఇంజనీర్లలో బలముగా నుండెను. పేరు తెలియని పూర్వపు పనివాండ్రు దానిని ఏనాడో సాధించిరని కాటన్ గుర్తించినారు. పాలకజాతికి చెందియు, పాలితుల పనితనమునుండి నేర్చుకొనుటకు సంకోచింపకపోవుట ఆయన గొప్పతనము.

ఆ కాలమున కావేరినీరు కొల్లిడమునకు మరలిపోవుచుండగా తంజావూరు పొలములు ఎండుచుండెను. 1836లో కాటన్ కొల్లిడముపై ఎగువ, దిగువ ఆనకట్టలు కట్టించినారు. నీరు వచ్చినది. కాని కావేరిలోనికి ప్రవాహము అధికమై దాని అడుగు కోసికొనిపోసాగెను. 1843లో ఎగువ ఆనకట్ట నడిమిభాగమును తగ్గించి, పిమ్మట కావేరి ముఖమున నదిమట్టముతో సమానముగా అడ్డుగోడ వేయవలసివచ్చెను. కట్టి ముగించుటతో రూపకల్పన ముగియదనియు, నది చెప్పు జవాబు విని తిరిగి దిద్దుకొనవలయుననియు ఈ అనుభవము తెలుపుచున్నది.

తరువాతి పరీక్ష గోదావరి. 1832-33 డొక్కల కరువు కోస్తా జిల్లాలను కృశింపజేసినది. నిండుగా పారు నది ప్రక్కనే జనులు ఆకలికి మరణించుట ఎట్టి వైపరీత్యమో ఊహింపుడు! కాటన్ తీరము వెంట తిరిగి పరిశీలించి ధవళేశ్వరమును ఎన్నుకొన్నారు. అచ్చట నది దీవులతో కలిపి సుమారు 4 మైళ్ళ వెడల్పు. వెడల్పైన చోటు ఖర్చునకు గదా అని మనకు తోచును. కాని వెడల్పున్నచోట వరద పలుచనగా, తక్కువ వేగముతో పోవును. దీవులు పనిని నాలుగు భాగములుగా విడదీయును. రాయి ప్రక్కనున్న కొండలోనే లభించును. పునాదికి బావులు దింపి, దిగువన పెద్దరాళ్ళు పరచి, ఇసుక పోవుటకు తూములు, పడవలు పోవుటకు లాకులు ఏర్పరచినారు. 1847లో మొదలైన పని 1852లో ముగిసినది. వేలాది కూలీలను సమకూర్చి నడిపిన వీణం వీరన్నగారి శ్రమను ఇచ్చట తలంపక తప్పదు. నక్షా ఒకరిదైనను కట్టడము అనేకులది. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు, నెల్లూరు వద్ద పెన్నకు ఆనకట్టలు వచ్చినవి.

అయితే ఆయన తలంపులన్నియు ఫలించెనని చెప్పజాలము. తుంగభద్ర నీటిని పెన్నలోయకు మరల్చి, నెల్లూరు తీరము వరకు పడవలు నడుపవలెనన్న యోచననుండి పుట్టినదే కర్నూలు-కడప కాలువ. ఒక ప్రైవేటు కంపెనీ చేపట్టిన ఆ పని అంచనాలను మించి, కడపతో ఆగిపోయినది. నల్లరేగడిలో మెట్టపైరులకు అలవడిన రైతులు నీరు కొనుటకు ముందుకు రాలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. గోదావరిలో రైతు కోరినదానిని ఇంజనీరు ఇచ్చినాడు. ఇచ్చట రైతునడుగకయే కాలువ త్రవ్వబడినది. లెక్కలు ఎంత నేర్పుతో వేసినను, వాడువాని అవసరము తెలియనిచో నక్షా కాగితముననే మిగులును. రైళ్ళకంటె కాలువలే ఈ దేశమునకు మేలని వాదించినందులకు 1878లో పార్లమెంటు సంఘము ఎదుట ఆయన కఠినప్రశ్నలు ఎదుర్కొన్నారు. 1899 జూలై 24న డార్కింగులో తనువు చాలించినారు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లగుదురు, కొందరు యంత్రములను, పనిముట్లను, గృహములను రూపొందింతురు. కాటన్ జీవితము మనకు నేర్పునది ఇది: పూర్వుల పనిని చూడవలె, స్థలమును కాలినడకన ఎరుగవలె, చేరువలోని సరుకును వాడవలె, వాడువానిని అడుగవలె, తప్పు కనబడిననాడు సవరించు ధైర్యముండవలె. ఈ అయిదింటిలో ఏది లోపించినను మొదటి వరద దానిని బయటపెట్టును. మన కళాశాలలో ప్రయోగశాలకై, కార్ఖానాకై ధనము వెచ్చించు సంఘమువారు ఒక పనిదినమున విద్యార్థులను సంగం తోడ్కొనిపోయి, పాత ఆనకట్టను కొత్త బ్యారేజితో పోల్చిచూడ నియమించినచో, అది ఏ పాఠమునకును తీసిపోదని మా విన్నపము.