కత్తి పట్టిన పండితుడు – మధుసూదన్ గుప్తా

మన సంఘం సంచికలో ప్రతి ఏటా యుద్ధవీరుల గురించి చదువుకుంటున్నాం. అది మన ధర్మం కూడా. ఈసారి నేను తుపాకీ పట్టని ఒక మనిషి గురించి రాయదలచుకున్నాను. ఆయన పట్టింది కోత కత్తి. ఆ చదువు వల్ల తర్వాతి కాలంలో ఎంతమంది సిపాయిల ప్రాణాలు నిలిచాయో ఎవరూ లెక్క కట్టలేరు. ఆయన పేరు పండిత మధుసూదన్ గుప్తా. బెంగాల్లో చదువుకున్నవాళ్ళందరికీ తెలిసిన పేరు. మనవాళ్ళలో డాక్టర్లకి తప్ప మిగతావారికి అంతగా పరిచయం లేదు.

నేను డాక్టర్ని కాను. ఇంటర్మీడియట్ చదివి ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి సుబేదారుగా రిటైర్ అయినవాడిని. లక్నో సెంటర్లో మాకు శరీర నిర్మాణం పాఠం చెప్పేటప్పుడు గోడకి చార్టు, స్టాండుకి అస్థిపంజరం ఉండేవి. ఎర్ర గీత ఏది, నీలం గీత ఏది అని బట్టీ పట్టేవాళ్ళం. కానీ గాయపడ్డ జవాను తొడ నుంచి రక్తం చిమ్ముతుంటే ఎక్కడ నొక్కి పట్టాలో చార్టు చూసుకునే టైము ఉండదు. ఆ పని చెయ్యికి తెలిసి ఉండాలి. చెయ్యికి తెలియాలంటే, ముందుగా ఎవరో ఒకరు మనిషి శరీరాన్ని కోసి, చూసి, చూపించి ఉండాలి. ఆధునిక కాలంలో మన దేశపు కాలేజీ చదువులో ఆ పనికి మొదట పూనుకున్న భారతీయుడిగా మధుసూదన్ గుప్తాని చెప్పుకుంటారు.

ఆయన సుమారు 1800 ప్రాంతంలో హుగ్లీ జిల్లా బైద్యబాటిలో ఒక వైద్యుల కుటుంబంలో పుట్టారు. 1826లో కలకత్తా సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం చదవడానికి చేరారు. చురుకైనవారు కావడంతో 1830లో అక్కడే ఉపాధ్యాయులయ్యారు. నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాడు ఈరోజు గురువా అని తోటి విద్యార్థులు గొడవ చేశారట. ఆయన మాత్రం తన పని తాను చేసుకుపోయారు. హూపర్ అనే ఇంగ్లీషు డాక్టరు రాసిన అనాటమీ పుస్తకాన్ని సంస్కృతంలోకి మార్చారు. సుశ్రుత సంహితను అచ్చు వేయించే పనీ ఆయన చేతిమీదుగానే జరిగింది. ఆ గ్రంథం 1835-36లో వెలువడింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. మన సుశ్రుతుడే శవాన్ని ఎలా పరీక్షించాలో ఏనాడో రాసి పెట్టాడు. శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీళ్ళలో ఏడు రాత్రులు ఉంచాలి. బాగా నానాక బయటికి తీసి, కుంచెతో మెల్లగా రుద్దుతూ చర్మం దగ్గర నుంచి లోపలి భాగాల వరకూ కళ్ళారా చూడాలి. శాస్త్రం చదవడం ఒక ఎత్తు, కంటితో చూడడం ఇంకో ఎత్తు, రెండూ ఉంటేనే వైద్యుడు అని ఆయన అభిప్రాయం. కాలక్రమాన ఆ పద్ధతి పోయింది. శ్లోకం మిగిలింది, చూపు పోయింది. శవాన్ని తాకితే మైల అనే మాట గట్టిపడింది. సంస్కృత కళాశాలలో కూడా ఎముకలు, జంతువుల శరీరాలు చూపించి సరిపెట్టేవాళ్ళు.

1835 జనవరి 28న గవర్నర్ జనరల్ బెంటింక్ ప్రభుత్వం కలకత్తా మెడికల్ కాలేజీని స్థాపించింది. కొద్ది రోజుల తేడాతో ఫిబ్రవరి 2న మద్రాసులోనూ మెడికల్ స్కూలు వచ్చింది. మన తెలుగు జిల్లాల డాక్టర్లు చాలా తరాలపాటు చదువుకున్నది అక్కడే. కలకత్తాలో బ్రామ్లీ అనే దొర కాలేజీ పెద్ద. అనాటమీ చెప్పేది గుడీవ్. సంస్కృత కళాశాలలో వైద్యం క్లాసు ఎత్తేయడంతో మధుసూదన్ గారిని ఇక్కడ డిమాన్‌స్ట్రేటర్‌గా వేశారు.

ఇక అసలు సమస్య మొదలైంది. కోయకుండా అనాటమీ రాదు. కోస్తే కులం వాళ్ళు వెలివేస్తారు. అగ్రకులాల పిల్లలు చదివే కాలేజీ అది. తల్లిదండ్రులు ఊరుకుంటారా? ముందు గురువే చెయ్యి వేస్తే గానీ శిష్యులకి ధైర్యం రాదు. 1836లో ఆ రోజు రానే వచ్చింది. జనవరి 10 అని కొందరు, అక్టోబరు 28 అని కొందరు రాశారు. గుడీవ్‌తో కలిసి పండితుడు గదిలోకి వెళ్ళి కత్తి పట్టారు. కొందరు విద్యార్థులూ ముందుకొచ్చారు. గొడవ జరుగుతుందేమోనని కాలేజీ గేట్లు మూసి ఉంచారని చెబుతారు.

ఆ సందర్భంగా ఫోర్ట్ విలియం నుంచి ఫిరంగులు పేల్చి గౌరవించారని కలకత్తాలో నేటికీ అంటారు. చరిత్రకారులు కొందరు దీన్ని నమ్మరు. నిజమైనా కాకపోయినా, జనం ఆ పనికి అంత విలువ కట్టారన్నది మాత్రం నిజం. గన్ సెల్యూట్ ఎవరికి ఇస్తారో మన ఫౌజీలకి వేరే చెప్పక్కర్లేదు. మన ఈస్టర్న్ కమాండ్ హెడ్ క్వార్టర్స్ ఉన్న ఆ కోట పేరు ఇటీవలే విజయ్ దుర్గ్‌గా మారింది.

ఒకసారి దారి పడ్డాక నడిచేవాళ్ళు పెరిగారు. 1837లో ఆ కాలేజీలో 60 శవాల మీద పాఠాలు జరిగాయి. మరుసటి ఏడు అది రెట్టింపు. 1844 నాటికి 500 దాటింది.

నాకు అన్నిటికంటే నచ్చిన విషయం వేరే ఉంది. 1840లో మధుసూదన్ గారు తన శిష్యుల పక్కనే కూర్చుని డాక్టరు పరీక్ష రాసి పాసయ్యారు. అప్పటికి ఆయన వయసు నలభై దరిదాపు. పేరున్న పండితుడు, పుస్తకాలు వేసినవాడు. ఫెయిలైతే పరువు పోతుందని వెనక్కి తగ్గలేదు. ప్రమోషన్ క్యాడర్‌లో మన కంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చోడానికే మనం ఎంత మొహమాటపడతామో అందరికీ తెలుసు.

ఇంకొకటి మనకి నేరుగా సంబంధించింది. 1839లో ఆ కాలేజీలో ఉర్దూలో చెప్పే క్లాసు ఒకటి పెట్టారు. దాన్నే మిలిటరీ క్లాసు అనేవారు. అందులో తయారైన నేటివ్ డాక్టర్లు పల్టన్లతో వెళ్ళేవారు. తర్వాత ఆ క్లాసు బాధ్యత పండితుడికే అప్పగించారు. 1852లో బెంగాలీ క్లాసు తెరిస్తే దానికీ ఆయనే. ఇంగ్లీషు రానంత మాత్రాన వైద్యవిద్య ఎందుకు రాకూడదని లండన్ ఫార్మకోపియాని, అనాటమీ పుస్తకాన్ని బెంగాలీలో తెచ్చారు. పెద్ద డిగ్రీలు లేకుండా పల్టన్లో మందు పెట్టె మోసిన మా బోటి వాళ్ళకి ఆ నేటివ్ డాక్టర్లే పూర్వీకులు అని నేననుకుంటాను.

1856 నవంబరు 15న మధుమేహం ముదిరి, సెప్టిక్ అయి ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు చదివేవాళ్ళని ఒక్క మాట అడుగుతాను. ఆనాడు శవాన్ని ముట్టుకోవడానికి ధైర్యం కావలసి వచ్చింది. ఈనాడు ఇవ్వడానికి ధైర్యం కావాలి. జ్యోతిబసు గారి శరీరాన్ని 2010లో కోల్‌కతాలో వైద్యవిద్యకి ఇచ్చారు. మన తెలుగువాడైన సీతారాం ఏచూరి గారి శరీరాన్ని 2024లో ఢిల్లీ ఎయిమ్స్‌కి అప్పగించారు. పార్టీల సంగతి పక్కన పెడదాం. దేశానికి ప్రాణం ఇస్తామని ప్రమాణం చేసినవాళ్ళం మనం. ప్రాణం పోయాక మిగిలేదాన్ని ఇవ్వడం అంత కష్టమా? ఇంట్లోవాళ్ళతో కూర్చుని మాట్లాడుకోండి. నేను మా ఇంట్లో మాట్లాడాను. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. నేను అడగడం మానలేదు.

జై హింద్.