తోట పోగొట్టుకున్న వృక్షశాస్త్రవేత్త - ఫెర్డినాండ్ వాన్ ముల్లర్

మన బంజరు భూముల్లో బారులు తీరి కనిపించే జామాయిల్ తోటలు మీ అందరికీ తెలుసు. భూమిలో నీళ్ళన్నీ తాగేస్తుందని దాన్ని తిట్టేవాళ్ళూ ఉన్నారు, అది వేరే చర్చ. ఈ జాతి చెట్ల పుట్టిల్లు ఆస్ట్రేలియా. వీటి మీద పెద్ద గ్రంథం రాసి, విత్తనాలను దేశదేశాలకు పంపిన వ్యక్తి డాక్టర్ ముల్లర్. బి.ఎస్సీ.లో మొక్కల పేర్ల చివర "ఎఫ్. ముల్." అని చదువుకున్నాం కదా, ఆయనే ఈయన.

ఆయన 1825లో జర్మనీలోని రోస్టాక్ పట్టణంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి క్షయతో చనిపోయారు. 1840లో తల్లి కూడా అదే జబ్బుతో పోయింది. ముల్లర్ మందుల షాపులో పని నేర్చుకుంటూ, తీరిక దొరికితే పొలాల వెంట తిరిగి మొక్కలు పోగుచేసేవారు. అలా కష్టపడి 1847లో కీల్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. ఇంట్లో మిగిలిన వాళ్ళకైనా క్షయ రాకూడదని, వెచ్చని దేశం వెతుక్కుంటూ ఇద్దరు తోబుట్టువులతో ఓడ ఎక్కి ఆ ఏడాది డిసెంబరులో అడిలైడ్‌లో దిగారు. అక్కడా మొదట దొరికింది మందుల షాపు పనే.

ఆయన దిగిన కొద్ది నెలలకే, 1848లో, అదే దేశంలో మరో జర్మన్ వలసదారుడు మాయమైపోయాడు. అతని పేరు లుడ్విగ్ లైకార్ట్. ఆస్ట్రేలియా ఖండాన్ని తూర్పు నుండి పడమరకు దాటాలని బయలుదేరిన అతని బృందంలో ఒక్కరూ తిరిగి రాలేదు.

ముల్లర్ 1853లో విక్టోరియా ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త అయ్యారు. 1857లో మెల్బోర్న్ బొటానికల్ గార్డెన్‌కు డైరెక్టర్ అయ్యారు. ఆ ఖండపు మొక్కలన్నింటి మీద గ్రంథం తానే రాయాలన్నది ఆయన కల. కానీ లండన్ పెద్దలు ఆ పనిని జార్జి బెంథామ్‌కు అప్పగించారు. బెంథామ్ గొప్ప పండితుడే, కాదనలేం. కానీ ఆయన ఆస్ట్రేలియా గడ్డ మీద ఏనాడూ కాలు పెట్టలేదు. ముల్లర్ అలిగి కూర్చోలేదు. పెట్టెలకు పెట్టెలు మొక్కల నమూనాలు ఓడల్లో పంపారు. 1863 నుండి 1878 వరకు ఏడు సంపుటాలు వచ్చాయి. వాటి మీద ముల్లర్ పేరు సహాయకుడిగా మాత్రమే ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే లైకార్ట్ సంగతి మళ్ళీ పైకి వచ్చింది. ఎల్ అక్షరం చెక్కిన రెండు చెట్లు, రెండు ముసలి గుర్రాలు కనబడ్డాయని డంకన్ మెకింటైర్ అనే ఆయన కబురు తెచ్చాడు. అప్పటికి పదహారేళ్ళు గడిచిపోయాయి. బర్క్, విల్స్ యాత్ర విషాదం తర్వాత జనానికి యాత్రలంటే విరక్తి పుట్టింది. అప్పుడు ముల్లర్ 1865లో మెల్బోర్న్‌లో ఉపన్యాసమిచ్చి, నేరుగా ఆడవాళ్ళను అడిగారు. వాళ్ళు కమిటీ వేసి చందాలు వసూలు చేశారు. మెకింటైర్ నాయకత్వంలో బృందం బయలుదేరింది. లైకార్ట్ దొరకలేదు సరికదా, 1866లో మెకింటైరే జ్వరంతో చనిపోయాడు. ఈ ప్రయత్నం ఓడిపోయిందని పుస్తకాల్లో రెండు ముక్కల్లో తేల్చేస్తారు. కానీ తన మీదికే చాలా కష్టాలున్న మనిషి, అందరూ మర్చిపోయిన ఒక పరదేశి కోసం ఊరంతా కదిలేలా చేయడం నాకు మామూలు విషయంగా తోచదు.

ఆయనలో లోపాలూ ఉన్నాయి. పరదేశపు మొక్కలు తెచ్చి నాటించే పిచ్చి బాగా ఉండేది. ఆయన నాటమని చెప్పిన బ్లాక్‌బెర్రీ ముళ్ళపొద తర్వాత అక్కడి రైతులకు తలనొప్పి అయింది. పొగడ్తలన్నా బిరుదులన్నా ఇష్టమే. 1871లో ఒక జర్మన్ రాజు ఆయనకు బారన్ బిరుదు ఇచ్చాడు.

ఇక 1873లో అసలు దెబ్బ తగిలింది. తోటలో ఫౌంటెన్లు లేవు, విగ్రహాలు లేవు, షికారుకు వచ్చేవాళ్ళకు చూడ్డానికేమీ లేదని నగర ప్రముఖులు గొడవ చేశారు. ప్రభుత్వం ఆయన్ను డైరెక్టర్ పదవి నుండి తప్పించి గిల్‌ఫోయిల్‌ను వేసింది. గిల్‌ఫోయిల్ చేతిలో తోట నిజంగానే అందంగా తయారైంది, ఆ మాట కూడా చెప్పాలి. ముల్లర్‌కు మాత్రం తోటలోని ఇల్లు పోయింది, ప్రయోగశాల పోయింది. ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త అన్న పేరు మిగిలింది. తాను పెంచిన ఆ తోటలో ఆయన మళ్ళీ అడుగుపెట్టలేదని చెబుతారు.

పెళ్ళి చేసుకోలేదు. అద్దె గదుల్లో ఉంటూ, వచ్చిన జీతంలో చాలా భాగం మొక్కలు సేకరించేవాళ్ళకే ఖర్చుపెట్టారు. మారుమూల ఊళ్ళలోని గృహిణులకు, బడిపిల్లలకు ఉత్తరాలు రాసి నమూనాలు తెప్పించుకున్నారు. జామాయిల్ జాతి మీద యూకలిప్టోగ్రాఫియా గ్రంథం 1879-84 మధ్య, అంటే తోట పోయిన తర్వాతే వచ్చింది. 1896 అక్టోబరు 10న మెల్బోర్న్‌లో మరణించారు. ఆయన ప్రారంభించిన హెర్బేరియంలో నేడు సుమారు 15 లక్షల నమూనాలు ఉన్నాయి.

ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1900 ప్రాంతంలో, పడమటి ఎడారి అంచున ఒక చెట్టు దగ్గర కాలిన తుపాకీకి ఉన్న చిన్న ఇత్తడి రేకు దొరికింది. దాని మీద లైకార్ట్ పేరు, 1848 సంవత్సరం ఉన్నాయి. అది అసలైనదేనని ఆస్ట్రేలియా జాతీయ మ్యూజియం 2006లో తేల్చింది. మెకింటైర్ బృందం వెతికింది అక్కడికి చాలా దూరంలో, తూర్పు వైపున.