ఏడుపు ఆగితే అలవాటు పడ్డట్టేనా?

ఆరో తరగతిలో నన్ను రెసిడెన్షియల్ స్కూల్లో చేర్చారు. మొదటి వారమంతా రాత్రిళ్లు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. తర్వాత ఏడుపు ఆగిపోయింది. పిల్లాడు అలవాటు పడ్డాడని వార్డెన్ గారు ఇంటికి ఫోన్ చేసి చెప్పారట. అమ్మ ఆ మాట ఇప్పటికీ గుర్తుచేసుకుంటుంది. మనలో చాలామందికి ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది.

పోయిన సెమిస్టర్‌లో సైకాలజీ ఎలక్టివ్ తీసుకున్నాను. పిల్లాడి ఏడుపు ఆగినంత మాత్రాన బాధ తీరినట్టు కాదని జీవితాంతం చెప్పిన ఒక డాక్టరు గురించి అప్పుడే చదివాను. ఆయన పేరు జాన్ బౌల్బీ. ఆయన మాటని నేను మొదట తప్పుగా వాడుకున్నాను. ఆ సంగతి చివర్లో చెప్తాను.

బౌల్బీ 1907 ఫిబ్రవరి 26న లండన్‌లో పుట్టారు. నాన్న పేరున్న సర్జన్. ఆరుగురు పిల్లల్లో ఈయన నాలుగో వాడు. డబ్బుకి లోటు లేదు, అమ్మ దగ్గరితనానికే లోటు. అప్పటి ఇంగ్లండ్ పెద్దింటి పద్ధతిలో పిల్లల్ని ఆయాలే పెంచేవాళ్లు. అమ్మతో గడిపేది సాయంత్రం టీ తర్వాత ఒక గంట. ఎక్కువ గారాబం చేస్తే పిల్లలు చెడిపోతారని వాళ్ల నమ్మకం. అందుకే చిన్న బౌల్బీకి అమ్మ లాంటి మనిషంటే మిన్నీ అనే ఆయానే. ఆయనకి నాలుగేళ్లప్పుడు మిన్నీ వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఆయాలు మారడం మామూలే. ఆయన మాత్రం ఆ దెబ్బని పెద్దయ్యాక కూడా మర్చిపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక బోర్డింగ్ స్కూలుకి పంపించారు.

తర్వాత డార్ట్‌మౌత్ నేవల్ కాలేజీలో చేరారు, అది తన దారి కాదని బయటికొచ్చి కేంబ్రిడ్జ్‌లో మెడిసిన్ వైపు వెళ్లారు. అక్కడ డిగ్రీ అయ్యాక, దారి తప్పారనిపించుకున్న పిల్లల కోసం నడిపే ఒక స్కూల్లో కొన్నాళ్లు పనిచేశారు. ఆయన జీవితాన్ని మార్చింది ఆ కొన్నాళ్లే. అక్కడ ఒక టీనేజ్ కుర్రాడు ఉండేవాడు. దొంగతనం చేశాడని పాత స్కూలు వాళ్లు పంపించేశారు. ఎవరితోనూ కలవడు, ఎవరినీ దగ్గరికి రానివ్వడు. చిన్నప్పటి నుంచి వాడికి నిలకడగా అమ్మ అనదగ్గ మనిషే లేదు. ఇంకో పిల్లాడికి ఏడెనిమిదేళ్లు. వాడేమో బౌల్బీని వదలకుండా నీడలా వెంట తిరిగేవాడు. ఒకడు అందరికీ దూరం, ఇంకొకడు అంటిపెట్టుకునే రకం. ఈ రెండింటికీ మూలం ఒకటే అయ్యుండొచ్చా అన్న ప్రశ్న ఆయన్ని ఇక వదల్లేదు.

1933లో డాక్టరయ్యారు. సైకోఅనాలిసిస్ ట్రైనింగ్‌లో మెలనీ క్లైన్ పర్యవేక్షణలో ఒక పిల్లాడికి వైద్యం చేశారు. ఆ పిల్లాడి తల్లి బాగా ఆందోళనలో ఉందని ఆయనకి కనిపిస్తూనే ఉంది. కానీ తల్లితో మాట్లాడొద్దన్నారు క్లైన్. ఆవిడ లెక్కలో అసలు విషయం పిల్లాడి మనసులోని ఊహాలోకం. కొన్ని నెలలకి ఆ తల్లినే మానసిక వైద్యశాలలో చేర్చాల్సి వచ్చింది. పిల్లాడికి బయట నిజంగా ఏం జరిగిందో చూడకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందన్నది బౌల్బీ పట్టుదల. ఈ రోజు మనం ట్రామా గురించి ఇంత మామూలుగా మాట్లాడుకుంటున్నాం కానీ, అప్పట్లో అలా అడగడమే ఎదురీత.

లండన్ చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లో పనిచేస్తూ ఆయన 44 మంది దొంగతనాలు చేసిన పిల్లల్ని, అదే క్లినిక్‌కి వచ్చిన, దొంగతనం అలవాటు లేని మరో 44 మందిని పోల్చి చూశారు. దొంగతనం చేసినవాళ్లలో 14 మంది ఎవరిమీదా ప్రేమ లేనట్టు, ఏదీ పట్టనట్టు ఉండేవాళ్లు. ఆ 14 మందిలో 12 మంది పసితనంలో తల్లికి చాలాకాలం దూరంగా ఉన్నవాళ్లే. దొంగతనం లేని 44 మందిలో అలాంటివాళ్లు ఇద్దరే. ఈ పేపర్ 1944లో వచ్చింది. శాంపిల్ చిన్నది, పిల్లల్ని పరీక్షించిందీ ఏ రకమో నిర్ణయించిందీ ఆయనే. మన ల్యాబ్ రికార్డులో ఇలా రాస్తే వైవాలో ఉతికేస్తారు. అయినా, చెడ్డపిల్లాడు అని రాసేసి ఫైలు మూసేసే చోట, వీడికి ఏం జరిగింది అని అడిగించింది ఆ పేపరే.

1939లో బాంబుల భయంతో ఇంగ్లండ్ నగరాల నుంచి పిల్లల్ని పల్లెలకి తరలించినప్పుడు, మరీ చిన్నపిల్లల్ని తల్లుల నుంచి విడదీస్తే నష్టమని బౌల్బీ, ఇంకో ఇద్దరు డాక్టర్లు మెడికల్ జర్నల్‌కి లేఖ రాశారు. యుద్ధం తర్వాత ఆయన టావిస్టాక్ క్లినిక్‌లో చేరారు, జేమ్స్ రాబర్ట్‌సన్ తోడయ్యారు. ఆ రోజుల్లో చాలా ఆస్పత్రుల్లో పిల్లల వార్డుకి అమ్మానాన్నల్ని రానిచ్చేదే తక్కువ. వాళ్లొచ్చి వెళ్తే పిల్లలు ఏడుస్తారని, రాకపోతే బుద్ధిగా ఉంటారని కారణం చెప్పేవాళ్లు.

రాబర్ట్‌సన్ 1952లో ఒక సినిమా చూపించారు. రెండేళ్ల లారా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంటుంది. కావాలని ఏడుపు సీన్లే ఏరుకున్నారు అనకుండా, రోజూ ముందే అనుకున్న టైముకి మాత్రమే తీశారు. లారా పెద్దగా గోల చెయ్యదు. ఏడుపు ఆపుకుంటుంది, రోజులు గడిచేకొద్దీ ముడుచుకుపోతుంది. సినిమా చూసిన డాక్టర్లలో చాలామందికి కోపమొచ్చింది. కానీ 1959లో ప్రభుత్వ కమిటీయే తల్లిదండ్రుల్ని రానివ్వమని సిఫారసు చేసింది.

ఇలాంటి పిల్లల్ని చూసి వాళ్లు మూడు దశలు గుర్తించారు. మొదట గొడవ, ఏడుపు. తర్వాత నిరాశ. చివరికి తెగతెంపులు. ఈ మూడో దశలో పిల్లాడు తింటాడు, ఆడతాడు, నర్సుని చూసి నవ్వుతాడు. అమ్మ వస్తే మొహం తిప్పుకుంటాడు. అందరూ అలవాటు పడ్డాడు అనేది ఈ దశనే. ఇది చదివి పుస్తకం మూసేశాను. ఆ రోజు ఇంకేమీ చదవలేకపోయాను.

ఇక్కడ మనవాళ్లకి నచ్చే విషయం ఒకటుంది. 1969లో వచ్చిన అటాచ్‌మెంట్ పుస్తకంలో ఆయన వాడుకున్నది కంట్రోల్ సిస్టమ్స్. పిల్లాడికి అమ్మ దగ్గరితనం ఒక సెట్ పాయింట్. దూరం పెరిగినా, భయం వేసినా సిస్టమ్ ఆన్ అవుతుంది. ఏడుస్తాడు, వెతుకుతాడు, పాకుతాడు. దగ్గరికి చేరగానే ఆగుతుంది. అంటే ఏడుపు మొండితనం కాదు, ఫీడ్‌బ్యాక్. పెద్దయ్యాక కూడా ఈ సిస్టమ్ తీసేసినట్టు ఉండదు. కష్టమొస్తే మనమూ ఎవరో ఒకరి దగ్గరికే పరుగెడతాం.

ఇప్పుడు నా తప్పు. ఇదంతా సగం చదివి ఒక రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. నేను ఎవరితోనూ మనసువిప్పి మాట్లాడలేకపోవడానికి కారణం మీరేనని, సైన్స్ కూడా అదే చెప్తోందని అనేశాను. అమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి తిన్నావా అని అడిగి పెట్టేసింది.

మిగతా సగం తర్వాత చదివాను. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి రాసిన నివేదికలో బౌల్బీ తల్లి ఎడబాటు గురించి చాలా గట్టిగా చెప్పారు. ఆ తర్వాత నాలుగేళ్ల లోపే టీబీ శానటోరియంలో గడిపిన 60 మంది పిల్లల్ని, వాళ్లు స్కూలుకెళ్లే వయసులో ఆయన బృందం పరీక్షించింది. అనుకున్నంత నష్టం కనపడలేదు. ముందు చెప్పింది కొంచెం ఎక్కువైందని 1956లో వాళ్లే ఒప్పుకున్నారు. 1972లో మైకేల్ రట్టర్ ఇంకా విడదీసి చూపించారు. ఎడబాటు ఒక్కటే కాదు, ఇంట్లో గొడవలు, ముందు నుంచీ బంధమే లేకపోవడం, ఇవన్నీ వేరువేరు. తప్పంతా అమ్మదే అనడం ఆ పరిశోధన ఇచ్చిన తీర్పు కాదు, నేను ఇచ్చుకున్న తీర్పు. చిన్నప్పటి గాయం ప్రభావం చూపిస్తుంది, కానీ తలరాత కాదు. నమ్మకంగా నిలబడే మనిషి తర్వాత దొరికినా దారి మారొచ్చు.

బౌల్బీ చివరి పుస్తకం డార్విన్ జీవితచరిత్ర. ఎనిమిదేళ్లకే తల్లిని పోగొట్టుకుని, ఆ దుఃఖాన్ని బయటికి చెప్పుకోలేకపోయిన పిల్లాడిని ఆయన డార్విన్‌లో చూశారు. అది వచ్చిన 1990లోనే, సెప్టెంబర్ 2న స్కాట్లండ్‌లోని స్కై దీవిలో, 83 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మర్నాడు అమ్మకి మళ్లీ ఫోన్ చేశాను. సారీ చెప్పాను. ఆ మొదటి వారం రాత్రిళ్ల గురించి మొదటిసారి చెప్పాను. వాళ్లు నన్ను దింపి వెళ్లిన రోజు బస్సులో నాన్న ఊరొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదని అమ్మ చెప్పింది. అది నాకు తెలీదు.

మా ఫ్లోర్‌లో ఒక ఫస్టియర్ తమ్ముడున్నాడు. మొదట్లో రోజూ ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేవాడు. ఈ మధ్య మానేశాడు. సెట్ అయిపోయాడని అందరూ అనుకుంటున్నారు. అయ్యే ఉండొచ్చు. అయినా నిన్న వాడి గది తలుపు తట్టి, టీకి వస్తావా అని అడిగాను. వచ్చాడు.