పదునేడుగురు బిడ్డల యిల్లు

అమెరికా సంయుక్త రాష్ట్రముల స్వాతంత్ర్యమునకై పాటుపడిన మహాపురుషులలో బెంజమిను ఫ్రాంక్లిను అగ్రగణ్యుడు. మెరుపు విద్యుచ్ఛక్తియే యని నిరూపించిన శాస్త్రజ్ఞుడుగను, 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసిన రాజనీతిజ్ఞుడుగను, ఫ్రాన్సు రాజాస్థానమున తన దేశమునకు రాయబారిగను ఆయనను లోకమెల్ల ఎరుగును. ఆ ఘనకార్యములు వేరొకచోట చదువదగినవి. ఇచట ఆయన పుట్టి పెరిగిన యింటిని గూర్చియు, ఆ యింట ఒక అన్నతో కలిగిన వైరమును గూర్చియు, ఒక చెల్లెలితో కడదాక నిలిచిన స్నేహమును గూర్చియు చెప్పుదుము.

ఫ్రాంక్లిను తండ్రి పేరు జోషయా. ఆయన ఇంగ్లండు దేశమున బట్టలకు రంగులద్ది జీవించుచుండెను. 1683లో భార్యను, ముగ్గురు బిడ్డలను వెంటబెట్టుకొని సముద్రము దాటి బోస్టను నగరము చేరెను. అచట రంగులద్దువానికి తగినంత పని దొరకలేదు. అందుచే పశువుల కొవ్వు కరగించి కొవ్వొత్తులు పోయుటయు, సబ్బు కాచుటయు వృత్తిగా గైకొనెను. మొదటి భార్యకు ఏడుగురు బిడ్డలు కలిగిరి. ఆమె మరణించిన పిదప ఆయన అబయా యను నామెను పెండ్లాడెను. ఆమెకు పదుగురు కలిగిరి. 1706 జనవరి 17వ తేదీన జన్మించిన బెంజమిను ఆ పదునేడుగురిలో పదునైదవవాడు, మగబిడ్డలలో కడగొట్టువాడు. అతని తరువాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టిరి. ఐదు తరములుగా కడగొట్టు కొడుకునకు కడగొట్టు కొడుకుగా తన వంశము వచ్చినదని ఆయన తన చరిత్రలో వ్రాసికొనెను.

పదునేడుగురును ఒక్కసారి ఆ చిన్న యింట నుండిరని తలపరాదు. కొందరు పసితనముననే గతించిరి. పెద్దవారు పెండ్లిండ్లు చేసికొని వేరు కాపురములు పెట్టిరి. అయినను పదుమువ్వురు బిడ్డలు ఒక్క బల్లచుట్టు కూర్చుండి భుజించిన దినము బెంజమిను జ్ఞాపకమున నిలిచెను. ఇంటినిండ జనమున్నచో బిడ్డలకు ఏ భయమును లేదని మనము తలంతుము. కాని బెంజమిను పుట్టుటకు మూడేండ్లు ముందు పదునారు నెలల పసివాడొకడు సబ్బునీటి తొట్టిలో పడి మరణించెను. అందరును ఉండియు ఆ క్షణమున ఎవ్వరును చూచినవారు లేకపోయిరి. అంతమంది బిడ్డలను సాకిన అబయా ఎన్ని కన్నులతో కాచుకొనవలసి యుండెనో ఊహింపవలసినదే.

జోషయా విద్వాంసుడు కాడు, ధనికుడును కాడు. కాని ఇల్లు నడుపుట యెరిగినవాడు. వీలైనప్పుడెల్ల వివేకియైన మిత్రునో, పొరుగువానినో భోజనమునకు పిలిచి, పిల్లలు వినునట్లు మంచి విషయము నేదైన ప్రస్తావించుచుండెను. పిల్లల మనస్సులు ఆ సంభాషణపై లగ్నమగుటచే కూర కుదిరినదా, ఉప్పు చాలినదా యను మాటయే ఆ బల్లవద్ద పుట్టెడిది కాదు. అంతమంది తినవలసిన యింట ఇది గడుసైన ఉపాయమే! ఈ అలవాటు బెంజమినునకు జీవితాంతము నిలిచెను. భోజనమైన కొన్ని గంటలకే తానేమి తినెనో చెప్పలేకుండెడివాడు. రుచుల కలవాటుపడిన తోటి బాటసారులు దారిలో కష్టపడుచుండగా, ఆయనకు మాత్రము ఏ కష్టమును లేకుండెను. పని ముగిసిన సాయంకాలములయందు తండ్రి వయొలిను వాయించుచు కీర్తనలు పాడుచుండెను. ఆయన కంఠము శ్రావ్యమైనది.

పెద్ద కుటుంబమున పొరపాటు చేసినవానికి ఏకాంతము దొరకదు. ఏడేండ్ల వయస్సున బెంజమిను పండుగకు చేత బడిన డబ్బులన్నియు ఇచ్చి ఒక ఈలను కొనెను. ఇల్లంతయు మారుమ్రోగునట్లు ఊదుచు సంతోషించెను. అన్నలు, అక్కలు, దాయాదులు ధర అడిగి, నాలుగింతలు ఎక్కువ ఇచ్చితివని ఒకరి తరువాత నొకరు పరిహసించిరి. మిగిలిన డబ్బుతో ఏమేమి కొనవచ్చునో లెక్కపెట్టి చూపిరి. పిల్లవాడు వెక్కి వెక్కి ఏడ్చెను. డెబ్బదియేండ్లు దాటిన పిదప ఫ్రాన్సు దేశమున నుండగా ఒక స్నేహితురాలికి ఈ కథను ఆయన వ్రాసి పంపెను. ఈల ఇచ్చిన ఆనందముకంటె ఆ నవ్వులు కలిగించిన బాధయే ఎక్కువ కాలము నిలిచినదన్నమాట.

ఈ కొడుకును మతాచార్యుని చేయవలెనని తండ్రి మొదట సంకల్పించి, ఎనిమిదవయేట లాటిను పాఠశాలలో చేర్చెను. ఏడాది తిరుగక మునుపే పిల్లవాడు తరగతిలో మొదటివాడయ్యెను. అయినను తండ్రి లెక్క వేరు. ఇంతమంది బిడ్డలుండగా ఒక్కనిని కళాశాలదాక చదివించుట సాధ్యమా? ఆయన సంకల్పము మార్చుకొని కొడుకును వ్రాత, లెక్కలు నేర్పు సామాన్యమైన బడికి మార్చెను. అచట బెంజమినునకు వ్రాత కుదిరెను గాని లెక్కలు కుదురలేదు. పదియేండ్లకు చదువు ముగిసెను. కొవ్వొత్తుల వత్తులు కత్తిరించుట, అచ్చులలో కొవ్వు పోయుట, అంగడి కాచుట అతని పనులయ్యెను. ఆ కొవ్వు వాసన అతనికి గిట్టలేదు. మనస్సెల్ల సముద్రముపై నుండెను.

సముద్రమన్న మాట ఆ యింట తండ్రికి ములుకువంటిది. జోషయా యను తన పేరే పెట్టుకొన్న ఒక కుమారుడు పూర్వము చెప్పక ఓడనెక్కి పోయెను. తొమ్మిదేండ్లు అతని జాడ తెలియలేదు. తుదకు తిరిగి వచ్చినప్పుడు ఇంట పెద్ద విందు జరిగెను. మరల సముద్రముమీదికి పోయి అతడు ఇక రాలేదు. కడగొట్టువాడును అట్లే పోవునేమో యని భయపడి, తండ్రి బెంజమినును వెంటబెట్టుకొని వడ్రంగుల, తాపీపనివారల, కంచరుల పనిచోట్లకు తీసికొనిపోయి చూపెను. ఏ పనిపై చూపు నిలుచునో కనిపెట్టుటయే ఆయన ఉద్దేశము. ఇంటిలో పుస్తకము కనబడిన విడువని పిల్లవాడు గనుక, తుదకు అచ్చుకూటమే తగునని నిశ్చయించెను. ఇంగ్లండునుండి అచ్చుయంత్రము తెచ్చి బోస్టనులో అచ్చుకూటము పెట్టిన అన్న జేమ్సు ఉండనే ఉండెను. 1718లో, పండ్రెండేండ్ల వయస్సున, బెంజమిను ఇరువదియొక యేడు నిండువరకు అన్నవద్ద శిష్యుడుగా పనిచేయుదునని ఒప్పందపత్రముపై సంతకము చేసెను.

ఇచటనే చిక్కు ప్రారంభమయ్యెను. జేమ్సు తొమ్మిదేండ్లు పెద్ద. అతని కన్నులకు బెంజమిను ఇతర పనివారివంటి వాడే. బెంజమిను మాత్రము అన్న గనుక కొంత దయ చూపవలెనని ఆశించెను. ఇద్దరి ఆశలును న్యాయమైనవే. రెండును ఒక్కచోట ఇముడలేదు. తగవు తండ్రి యెదుటికి పోయినప్పుడెల్ల తీర్పు తరచు తమ్ముని పక్షముననే వచ్చెడిది. అందువలన అన్న కోపము తగ్గునా? కొట్టుటయు కలదు.

జేమ్సు 1721లో ఒక వార్తాపత్రికను ప్రారంభించెను. అతని మిత్రులు వ్యాసములు వ్రాసి ఇచ్చుచుండిరి. తానును వ్రాయవలెనని పదునారేండ్ల బెంజమిను ఉవ్విళ్లూరెను. తమ్ముడు వ్రాసినదని తెలిసిన అన్న ప్రకటింపడు. అందుచే అతడు దస్తూరి మార్చి, ఒక వితంతువు వ్రాసినట్లు లేఖ కల్పించి, రాత్రివేళ అచ్చుకూటపు తలుపు క్రిందనుండి లోనికి త్రోసెను. మరునాడు అన్నయు, మిత్రులును దానిని చదివి మెచ్చుకొని, వ్రాసినవారు ఎవరై యుందురో యని నగరములోని విద్వాంసుల పేర్లు తలచుచుండగా, ప్రక్కనే అక్షరములు కూర్చుచున్న పిల్లవాడు వినుచు సంతోషించెను. 1722లో అట్టి లేఖలు పదునాలుగు వెలువడెను. నిజము తెలిసిన పిదప మిత్రులు బెంజమినును గౌరవింపసాగిరి. అన్నకు మాత్రము అది రుచింపలేదు.

ఆ సంవత్సరమే ప్రభుత్వమును విమర్శించినందుకు జేమ్సును నెలదినములు చెరసాలలో పెట్టిరి. తమ్ముడు పత్రికను ధైర్యముగా నడపెను. మరుసటి యేడు జేమ్సు పేరుతో ఆ పత్రికను అచ్చువేయరాదని ఆజ్ఞ వచ్చినప్పుడు, దానిని బెంజమిను పేర ప్రకటించిరి. శిష్యుని పేరనే నడపుచున్నారను మాట రాకుండ పాత ఒప్పందము రద్దయినట్లు దానిపై వ్రాసి యిచ్చి, రహస్యముగా క్రొత్త ఒప్పందమును వ్రాయించుకొనిరి. కొంతకాలమునకు తగవు ముదిరెను. అన్న ఆ రహస్యపత్రమును బయటపెట్టజాలడని ఎరిగి బెంజమిను పని మానివేసెను. అన్న ఊరిలోని ఇతర అచ్చుకూటముల వారందరికిని చెప్పి తమ్మునికి ఎచటను పని దొరకకుండ చేసెను. 1723లో పదునేడేండ్ల బాలుడు కొన్ని పుస్తకము లమ్మి, ఇంట చెప్పక ఓడ నెక్కి న్యూయార్కునకును, అచట పని దొరకక ఫిలడెల్ఫియాకును పోయెను. అన్న ఇరకాటమును ఆసరా చేసికొని ఒప్పందము మీరుట తన జీవితమున తొలి తప్పులలో నొకటియని ముసలితనమున ఆయనయే వ్రాసెను. అన్న కఠినుడు కాకున్న ఇది జరుగకపోయెడిదనియు, తానును కొంత పెంకితనము చూపియుందుననియు చేర్చెను. ఆ కాఠిన్యమువలననే నిరంకుశాధికారమన్న తనకు జీవితాంతము ఏవగింపు కలిగినదేమో యనియు తలచెను.

ఏడు నెలలకు ఆయన బోస్టను వచ్చెను. క్రొత్త దుస్తులు, జేబులో గడియారము, వెండి నాణెములు! తలిదండ్రులు మిక్కిలి సంతోషించిరి. ఆ వేషముతోనే అన్న అచ్చుకూటమునకు పోయి, పనివారికి గడియారము చూపి, నాణెములు పరచి, త్రాగుటకు డబ్బిచ్చి వచ్చెను. ఇది గెలిచినవాడు చేయదగిన పని కాదు. జేమ్సు తల యెత్తి ఒకసారి చూచి మరల పనిలో మునిగెను. తరువాత తల్లి రాజీకై మాటలాడగా, పనివారి యెదుట తనకు జరిగిన ఈ అవమానమును మరువజాలననియు, క్షమింపజాలననియు చెప్పెను.

పదియేండ్లు గడచెను. 1733లో బంధువులను చూడవచ్చిన బెంజమిను మరలి పోవుచు, న్యూపోర్టు పట్టణమున కాపురమున్న జేమ్సు ఇంటికి వెళ్లెను. అన్న ఆరోగ్యము క్షీణించుచుండెను. పాత మాటలు ఎవ్వరును ఎత్తలేదు. తాను పోయినచో పదియేండ్ల కొడుకును తీసికొనిపోయి అచ్చుపని నేర్పుమని జేమ్సు కోరెను. 1735లో అతడు మరణించెను. బెంజమిను ఆ బాలుని కొన్నియేండ్లు బడికి పంపి, పిదప పని నేర్పెను. అంతవరకు న్యూపోర్టు అచ్చుకూటమును జేమ్సు భార్యయే నడుపుకొనెను. మేనల్లుడు కాదు, అన్నకొడుకు. వాడు పెద్దవాడై తిరిగి వెళ్లునప్పుడు, తండ్రి కాలపు అక్షరములు అరిగిపోయి యుండుటచే, క్రొత్త అక్షరముల కూర్పును కానుకగా నిచ్చి పంపెను. తాను ముందుగా మానివేసిన కొలువునకు ఈ విధముగా అన్నకు పూర్తి పరిహారము చెల్లించితినని ఆయన భావించెను. ఇంత ఓర్పు చూపినవాడే, స్వాతంత్ర్య యుద్ధమున ఇంగ్లండు రాజుపక్షము వహించిన తన సొంత కుమారుని మాత్రము మనసార క్షమింపలేకపోయెను.

ఇక చెల్లెలు జేను. పదునేడుగురిలో ఆమెయే కనిష్ఠురాలు, 1712లో పుట్టెను. అన్నకు రెండేండ్లైన బడి దొరకెను. ఆమెకు అదియు లేదు. పదునైదేండ్లకే ఒక జీనులు కుట్టువానితో పెండ్లి అయ్యెను. అప్పుడు అన్న తేనీటి బల్ల పంపుదమా యని ఆలోచించి, గృహిణికి రాట్నమే తగునని రాట్నము పంపెను. ఆమెకు పండ్రెండుగురు బిడ్డలు కలిగిరి. పదునొకండుగురు ఆమె కన్నులయెదుటనే గతించిరి. భర్త అప్పులపాలయ్యెను. ఆ కష్టములలోను ఆమె పుస్తకములు తెప్పించుకొని చదివెను. దేశవ్యవహారములు అడిగి తెలిసికొనెను. అక్షరదోషములకు సిగ్గుపడి మన్నింపు కోరగా, తప్పుగా వ్రాసినదే తరచు ఉచ్చారణకు దగ్గరగా నుండునని అన్న ఓదార్చెను. ఆయన ఇంగ్లండున నున్నను, ఫ్రాన్సున నున్నను వారి ఉత్తరములు ఆగలేదు. ఒకే యింట కాపురమున్న బంధువులు కలహించుట, దూరమున నున్నవారు ప్రేమించుట సహజమని తమ తండ్రి చెప్పెడి మాటను ఆయన ఒక ఉత్తరమున ఆమెకు జ్ఞాపకము చేసెను.

1766లో పీటరు అను అన్న మరణించిన పిదప పదునేడుగురిలో వీరిద్దరే మిగిలిరి. బోస్టనులోని తన ఇంటిని బెంజమిను చెల్లెలికి నివాసముగా నిచ్చి, చలికాలమునకు వంటచెరకు ఏర్పాటు చేయించుచుండెను. మరణశాసనమున ఆ యింటిని ఆమె పేరనే వ్రాసెను. 1790 ఏప్రిల్ 17వ తేదీన, ఎనుబది నాలుగవయేట, ఆయన కన్నుమూసెను. ఆమె మరి నాలుగేండ్లు ఆ యింటనే జీవించెను. తన పెండ్లి, బిడ్డల పుట్టుకలు, వారి మరణములు వరుసగా వ్రాసికొనుటకు ఆమె కాగితములు మడచి చేత కుట్టిన చిన్న పుస్తకము నేటికిని భద్రముగా నున్నది.