సాగస్ కొలిమికి డెబ్బై ఏళ్ల అభినందన

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, సాగస్ నది ఒడ్డున పునర్నిర్మించిన పాత ఇనుప కార్ఖానా 1954లో జనం కోసం తలుపులు తెరిచింది. 2024తో డెబ్బై ఏళ్లు నిండాయి. దాన్ని నిలబెట్టినవారికీ, ఇన్నేళ్లుగా కాపాడుకొస్తున్నవారికీ మనసారా అభినందనలు.

అసలు కార్ఖానా పాతికేళ్లు కూడా బతకలేదు. జాన్ విన్‌త్రాప్ జూనియర్ ఇంగ్లండులో వాటాదారులను కూడగట్టాడు. తర్వాత పగ్గాలు చేపట్టిన రిచర్డ్ లీడర్ ఈ ఒడ్డును ఎంచుకుని కొలిమి కట్టించాడు. 1646లో పని మొదలైంది. ఖర్చులు, అప్పులు, వ్యాజ్యాలు చుట్టుముట్టి 1670 నాటికి నిప్పు ఆరిపోయింది. నష్టపోయిన వ్యాపారానికి ఇంత గౌరవమా అంటే, తగినదేనంటాను. ఎందుకంటే ఇక్కడ పనిచేసిన లెనార్డ్ కుటుంబంవారి వల్ల ఇనుము తయారీ విద్య అదే రాష్ట్రంలోని టాంటన్ దాకా వెళ్లింది.

చూసి నేర్చుకోవలసింది ఇక్కడ ఎంతో ఉంది. చిత్తడి నేలల్లో దొరికే ఇనుప రాయి, అడవి కొట్టి కాల్చిన బొగ్గు, నహాంట్ తీరం నుంచి తెచ్చిన గాబ్రో అనే నల్లరాయి: ఈ మూడింటినీ కొలిమి పైనుంచి లోపలికి పోసేవారు. కింద నీటి చక్రం తిరుగుతుంటే పెద్ద తోలు తిత్తులు ఒకదాని తర్వాత ఒకటి ఊదేవి. గాబ్రో మలినాలను పట్టుకుని చిట్టెంగా పైకి తేలేది. కరిగిన ఇనుము ఇసుకలో తీసిన కాలువలోకి పారి దిమ్మెగా గడ్డకట్టేది. ఆ పోత ఇనుము పెళుసు, కొడితే విరుగుతుంది. అందుకే పక్క శాలలో మళ్లీ కాచి, నీటి బలంతో లేచి పడే 500 పౌండ్ల సమ్మెట కింద పెట్టి మోదితే సాగే ఇనుమయ్యేది. ఇంకో మిల్లులో ఆ ఇనుప పట్టీలను సన్నని చువ్వలుగా చీల్చేవారు. వాటితో జనం ఇళ్లలో మేకులు చేసుకునేవారు.

ఈ పనంతా ఇష్టపడి వచ్చినవాళ్లే చేయలేదు. 1650లో డన్‌బార్ యుద్ధంలో ఇంగ్లండు సేనాని క్రామ్‌వెల్ సేనకు చిక్కిన స్కాట్లండు ఖైదీలను సముద్రం దాటించి, సుమారు అరవై మందిని ఈ కార్ఖానాకు పంపారు. చాలామంది చేతికి గొడ్డలి ఇచ్చి బొగ్గు కోసం చెట్లు కొట్టించారు. వాళ్ల కథను దాచకుండా చెబుతున్నందుకు ఇక్కడి నిర్వాహకులకు మరోసారి నమస్కరించాలి.

ఇంత సంగతీ మట్టి కిందే ఉండిపోయేది. కానీ 1943లో ఈ కార్ఖానాను కాపాడేందుకు ఒక సంఘం ఏర్పడింది. పురావస్తు పట్టా లేని రోలండ్ రాబిన్స్ 1948 నుంచి 1953 వరకు ఓపిగ్గా తవ్వించాడు. నీటి చక్రం చెక్కలూ, ఆ సమ్మెట తలా బయటపడ్డాయి. పునర్నిర్మాణానికి ఉక్కు పరిశ్రమ సంఘం డబ్బు పెట్టింది. 1968 నుంచి అమెరికా జాతీయ ఉద్యానాల శాఖ దీన్ని చూసుకుంటోంది.

బోస్టన్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఒక మాట: సాగస్ మీకు దగ్గరే, ప్రవేశ రుసుము లేదు. నీటి చక్రాలు తిప్పి చూపించే వేళలు ముందుగా కనుక్కుని పిల్లలను తీసుకెళ్లండి.