ఏడో తీగకు అభినందన చందనం

1990లో జపాన్ సంస్థ ఐబనేజ్, అమెరికా గిటార్ విద్వాంసుడు స్టీవ్ వాయ్‌తో కలిసి రూపుదిద్దిన ‘యూనివర్స్’ అనే వాద్యాన్ని లోకానికి అందించింది. ఏడు తీగల సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ గిటార్ పెద్ద ఎత్తున తయారై, అంగడికి వెళ్లిన ఎవరి చేతికైనా అందడం దానితోనే మొదలైంది. ఆ శుభ సందర్భానికి 2025తో 35 ఏళ్లు నిండాయి. దాన్ని వాయించేవారి తరఫున, వాయించకపోయినా చెవులప్పగించి విని పొంగిపోయేవారి తరఫున ఏడు తీగల గిటార్‌కూ, దాన్ని కన్నవారికీ, పెంచినవారికీ, కష్టకాలంలో కాపాడినవారికీ ఈ అభినందన చందనం.

పండుగ 35 ఏళ్లదే అయినా వంశం రెండు శతాబ్దాలు దాటినది. రష్యాలో ఒకసారి, ఫ్రాన్స్‌లో ఒకసారి, బ్రెజిల్‌లో ఒకసారి, అమెరికాలో ఒకసారి, వేర్వేరు చేతుల్లో ఈ వాద్యం మళ్లీ మళ్లీ పుట్టింది. పుట్టిన ప్రతిచోటా దాదాపు ఒకే కోరికతో పుట్టింది. పాటకు కింద నుంచి ఆసరా ఇచ్చే మంద్రస్వరం కావాలన్నదే ఆ కోరిక. ఏడడుగులు కలిసి నడిస్తే మైత్రి కుదురుతుందని మన పెద్దల మాట. ఏడో తీగ చరిత్ర అంతా అలాంటి తోడు చరిత్రే. ఈ శుభవేళ ఆ అడుగులను ఒక్కొక్కటిగా తలచుకోవడం మాకు ఆనందం.

తొలి అడుగు రష్యాది. 1798లో ఇగ్నాజ్ హెల్డ్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఏడు తీగల గిటార్‌కు అభ్యాస గ్రంథం ప్రచురించాడు. విల్నియస్‌లో పుట్టిన ఆంద్రేయ్ సిఖ్రా ఆ వాద్యానికి రచనలు సమకూర్చి, శిష్యులను తీర్చిదిద్ది, దాన్ని ఒక సంప్రదాయంగా నిలబెట్టాడు. మాస్కోలో మిఖాయిల్ విసోత్స్కీ అనే కళాకారుడు వెట్టి రైతు కుటుంబంలో పుట్టి, జానపద గీతాలను ఎత్తుకుని, వాటి చుట్టూ అల్లికలు అల్లి శ్రోతలను మంత్రముగ్ధులను చేశాడు. ఆ గిటార్ శ్రుతి కూడా ముచ్చటైనది. వేలు ఏ మెట్టు మీదా మోపకుండా ఏడు తీగలనూ ఒక్కసారి మీటితే చాలు, నిండైన మేజర్ కార్డ్ పలుకుతుంది. పాడేవారి పక్కన కూర్చోవడానికే పుట్టిందా అనిపించే శ్రుతి అది. అందుకే జమీందారుల లోగిళ్లలోనూ, జిప్సీ గాయక బృందాల్లోనూ, సామాన్యుల ఇళ్లలోనూ ఒక్కలాగే చెల్లుబాటైంది.

1926లో స్పెయిన్ మేటి ఆంద్రెస్ సెగోవియా సోవియట్ దేశంలో కచేరీలు చేశాక అక్కడ ఆరు తీగల గిటార్ మీద మోజు పెరిగింది, సంగీత పాఠశాలల్లో దాని పలుకుబడే బలపడింది. అయినా ఏడు తీగలు మూగబోలేదు. సెర్గేయ్ ఒరేఖోవ్ వంటి దిట్టలు వేదికల మీద ఆ దీపాన్ని ఆరనివ్వలేదు. బులాత్ ఒకుజావా, వ్లాదిమిర్ విసోత్స్కీ వంటి కవిగాయకులు తమ మాటలను ఏడు తీగల తోడుతోనే జనం గుండెల్లోకి చేర్చారు. ఆదరణ తగ్గిన రోజుల్లో చేతిలోని వాద్యాన్ని వదలని ఆ మహనీయులందరికీ ఈ పండుగ నాడు మొదటి నమస్కారం.

పంతొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో నెపోలియన్ కోస్త్ ఏడో తీగ ఉన్న గిటార్ కోసం చక్కని కృతులు రాశాడు, రెనే లకోత్ అనే వాద్యశిల్పి అలాంటి గిటార్లను మలిచాడు. ఆ దీపం చిన్నదే అయినా, దాని వెలుగు ఆ రచనల్లో నేటికీ నిలిచి ఉంది.

ఇక బ్రెజిల్ వైభవం ఎంత చెప్పినా తనివి తీరదు. రియో నగరపు ‘షోరో’ సంగీతంలో వేణువో మాండొలిన్ లాంటి బందొలిమో రాగాన్ని మోస్తుంటే, ఏడు తీగల గిటార్ దాని కింద నడుస్తూ మంద్రంలో మారుమాట పలుకుతుంది. ఈ నడకలను అక్కడివారు ‘బైషారియా’ అంటారు. 1918లో పుట్టిన ఒరొందీనో జోసె ద సిల్వా ఈ విద్యకు చక్రవర్తి. లోకం ఆయన ఇంటిపేరు మరచి ‘డినో సెతె కోర్దాస్’ అనే పిలిచింది. ‘ఏడు తీగల డినో’ అని అర్థం. వాద్యమే బిరుదైన కళాకారుడికి ఇంతకు మించిన సన్మానం ఏముంటుంది? మహా విద్వాంసుడు పిషింగిన్యా సాక్సోఫోన్ మీద పలికించిన ప్రతిస్వరాలను శ్రద్ధగా విని, ఆ పోకడలను డినో గిటార్ తీగల మీదికి దించాడు. ‘ఎపొక జి ఓరో’ బృందంలోనూ, సాంబా గాయకుడు కార్టోలా పాటల వెనుకా ఆయన బొటనవేలు నడిచిన తీరు తర్వాతి తరాలకు పాఠ్యగ్రంథమైంది. 88 ఏళ్ల నిండు జీవితంలో ఎక్కువ భాగం ఇతరుల పాటకు దన్నుగా నిలవడానికే వెచ్చించి, 2006లో ఆయన కన్నుమూశాడు. ఆయన బాటలో వచ్చిన రఫాయెల్ రబేలో ఏడు తీగల గిటార్‌ను వేదిక నడుమ కూర్చోబెట్టాడు. 1991లో గురుతుల్యుడైన డినోతో కలిసి రికార్డు చేశాడు. 32 ఏళ్లకే వెళ్లిపోయినా తరగని సంపద వదిలి వెళ్లాడు. నేడు యమందు కోస్టా అదే వాద్యంతో దేశదేశాల సభలను ఉర్రూతలూగిస్తుంటే, వంశం నిలిచిందన్న తృప్తితో మా మనసులు నిండుతున్నాయి.

అమెరికాలో ఈ దీక్ష పూనినవాడు జార్జ్ వాన్ ఎప్స్. బ్యాంజో కళాకారుడి ఇంట 1913లో పుట్టి, బెన్నీ గుడ్‌మన్ వాద్యబృందంలో వాయించిన ఆయన, 1930ల చివర ఎపిఫోన్ సంస్థ చేత ఏడు తీగల గిటార్ చేయించుకున్నాడు. రాగం, సామరస్యం, మంద్రం మూడూ ఒక్క మనిషి రెండు చేతుల్లో ఇమడాలని ఆయన తపన. తన పద్ధతిని ‘ఒళ్లో పియానో’ అని ముద్దుగా పిలుచుకున్నాడు. 1968లో గ్రెచ్ సంస్థ ఆయన పేరిట ఏడు తీగల గిటార్ తెచ్చింది. ఆ విద్యకు మురిసిపోయిన బకీ పిజరెల్లీ తానూ ఏడు తీగలు పట్టి, 94 ఏళ్ల వయసు దాకా జాజ్ లోకానికి పెద్దదిక్కై నిలిచాడు. కుమారుడు జాన్ పిజరెల్లీ ఆ తీగలతోనే పాడుతూ తండ్రి పేరు నిలబెడుతున్నాడు.

ఇన్ని అడుగుల తర్వాత వచ్చింది 1990. ఆ ఏటి ‘ప్యాషన్ అండ్ వార్‌ఫేర్’ ఆల్బమ్‌లో స్టీవ్ వాయ్ కొత్త వాద్యం సత్తా చాటాడు. మామూలు గిటార్‌లో అడుగు తీగ సెకనుకు సుమారు 82 కంపనాల దగ్గర పలికితే, యూనివర్స్ ఏడో తీగ సుమారు 62 కంపనాలకు దిగింది. మొదటి ఉత్సాహం కొంత చల్లబడిన వేళ, 1994లో రెండు దిక్కుల నుంచి ఆదరణ వచ్చింది. డ్రీమ్ థియేటర్ బృందం ‘అవేక్’ ఆల్బమ్‌లో జాన్ పెట్రూచీ ఏడు తీగల మీద పాండిత్యం ప్రదర్శించాడు. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ కుర్రాళ్ల కార్న్ బృందం తన తొలి ఆల్బమ్‌లో అదే గిటార్‌ను ఇంకా కిందికి శ్రుతి చేసి, లోపల గూడుకట్టిన బాధకు గొంతునిచ్చింది. వాయ్ ఒక దారి కోసం చేయించిన వాద్యం వేరే దారిలో లక్షలాది యువతకు ఓదార్పు అయింది. స్వీడన్‌లో మెషుగ్గా బృందం ఏడు తీగలతో జటిలమైన లయలు అల్లి, తర్వాత ఎనిమిదో తీగకూ బాట వేసింది. ఒకనాడు ప్రత్యేకంగా చేయించుకుంటే తప్ప దొరకని వాద్యం ఈనాడు నేర్చుకునే పిల్లల స్తోమతకూ అందుతోంది. ఈ 35 ఏళ్ల సేవలో మాకు అన్నిటికన్నా మిన్నగా తోచే విజయం ఇదే.

తెలుగువారికి ఈ వాద్యం పరాయిది అనిపించదు. మన సరస్వతీ వీణకూ తంత్రులు ఏడే. నాలుగు రాగం పలికితే, మూడు తాళానికి తోడుంటాయి. వీణకు 24 మెట్లు, యూనివర్స్‌కూ 24 మెట్లే. పాడే తీగకు పక్కనే ఆసరా తీగ ఉండాలన్న ఎరుక బొబ్బిలి వీణలు చేసే చేతులకు తరతరాలుగా ఉన్నదే. ఆ ఎరుకే సముద్రాల అవతల వేరే రూపం దాల్చిందని చూసినప్పుడు, దూరపు చుట్టం ఇంటికొచ్చినంత సంబరం కలుగుతుంది.

ఏడు తీగల గిటార్! రెండు శతాబ్దాలుగా నువ్వు గాయకుడి పక్కన కూర్చున్నావు, వేణువు కింద నడిచావు, ఒంటరి విద్వాంసుడికి బృందమంత బలమయ్యావు, మాట పెగలని కుర్రవాడికి గొంతువయ్యావు. నిన్ను మలిచే చేతులు చల్లగా ఉండాలి. నీ శ్రుతి చెదరకుండా ఉండాలి. హైదరాబాదులోనో, విశాఖలోనో, తెలుగు పిల్లలు పెరిగే ఏ దూరదేశపు ఇంట్లోనో నిన్ను ఒళ్లోకి తీసుకునే ప్రతి చిన్న చేతికీ, డినో బొటనవేలి ఓర్పూ, వాన్ ఎప్స్ దీక్షా అబ్బాలి. ముప్పై అయిదు యాభై కావాలి, యాభై నూరు కావాలి. రష్యా పాట నుంచి రియో వీధి దాకా ఇన్ని గండాలు దాటి వచ్చిన నీకు ఆ నూరేళ్ల పండుగ తప్పక జరుగుతుందని మా గట్టి నమ్మకం. శుభం భూయాత్!