వడ్డాది పాపయ్య గారు - అసలు బొమ్మలు

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని గురించి రాయమని కార్యదర్శి గారు కోరగానే నాకు వడ్డాది పాపయ్య గారు జ్ఞాపకం వచ్చారు. వ.పా. అంటే మన వయసు వారికి పరిచయం అక్కరలేదు. మనుమలకే చెప్పాలి.

పాపయ్య గారు 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. తండ్రి రామమూర్తి గారు డ్రాయింగు మాస్టారు. పాపయ్య గారు ఏ చిత్రకళాశాల గుమ్మమూ తొక్కలేదు. తండ్రి గారి దగ్గరే కుంచె పట్టారు. పెద్దయ్యాక తానూ డ్రాయింగు మాస్టారై విశాఖ జిల్లా కాశింకోటలో పనిచేశారు. ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. బడిపిల్లలకు గీతలు దిద్దిన చేత్తోనే మద్రాసు పత్రికలకు బొమ్మలు వేశారు.

చక్రపాణి, నాగిరెడ్డి గార్లు 1947 జులైలో చందమామ ప్రారంభించారు. లోపలి కథలకు చిత్రా గారు, తర్వాత శంకర్ గారు బొమ్మలు వేసేవారు. అట్టమీద ఎం.టి.వి. ఆచార్య గారు మహాభారత ఘట్టాలు వేశారు. ఆయన తర్వాత ఆ బరువు పాపయ్య గారి భుజాన పడింది. చందమామ ఎన్నో భాషల్లో వచ్చేది గాని, అట్టమీద బొమ్మ అన్నిటికీ ఒక్కటే. అంటే కాశింకోట మాస్టారి బొమ్మను ఆయన పేరు కూడా తెలియకుండానే తమిళ, మరాఠీ, హిందీ పిల్లలు చూశారన్నమాట. మా ఆఫీసులో ఫైళ్ల మధ్య చందమామ పెట్టుకు చదివిన పెద్దలు కూడా ఉండేవారు, పేర్లు చెప్పను.

‘యువ’ మాసపత్రికకు వేసినవి మరో తీరు. ఋతువులు, రాగాలు, కావ్యనాయికలు. నా మటుకు నాకు ఆయన రంగుల పొందికకు సాటి లేదు. కొందరు ఆయన స్త్రీ మూర్తులన్నీ ఒకే ముఖమని ఆక్షేపిస్తారు. ఆ ముఖం చూసి వ.పా. అని వీధి చివరనుంచే గుర్తుపట్టేవాళ్లం, అది తక్కువా? ఇంత పేరు వచ్చినా సన్మానాలకు, సభలకు దూరంగానే ఉన్నారు. 1992 డిసెంబరు 30న కన్నుమూశారు.

ఇక అసలు బొమ్మల సంగతి. నీటిరంగులతో వేసిన బొమ్మను ప్రెస్సులో ఫోటో తీసి, పసుపు, ఎరుపు, నీలం, నలుపు అని నాలుగు ప్లేట్లు చేసి అచ్చు వేసేవారు. ప్లేట్లు తయారయ్యాక పత్రికకు ఆ కాగితంతో పని తీరిపోయేది. చందమామ 2007లో ముంబయి సంస్థ చేతికి వెళ్లింది, కొన్నేళ్లకు ఆగిపోయింది. ఇటువంటప్పుడు బీరువాలోని కాగితాలు ఎవరికి బరువు, ఎవరికి సొత్తు?

నేను 2008లో రిటైరయ్యాక అట్టబొమ్మలు సేకరించడం మొదలుపెట్టాను. నాలుగేళ్ల తర్వాత ఒక వ్యాపారి రెండు బొమ్మలు తెచ్చి రెండూ వ.పా. చేతివే అన్నాడు. భూతద్దం పెట్టి చూశాను. ఒకదానిలో సన్నని రంగు చుక్కలు వరసగా కనిపించాయి. అది అచ్చు, ఫ్రేములో పెట్టినంత మాత్రాన అసలు కాదు. రెండోదానిలో చుక్కలు లేవు. రంగు కింద పెన్సిలు గీత, చెవి దగ్గర తెల్లరంగుతో దిద్దిన చోటు, అంచున ప్రెస్సు వారు వేసుకున్న కొలత గుర్తులు ఉన్నాయి. నెల పింఛను మొత్తం పోసి కొన్నాను. మా ఇంటావిడ ఏమీ అనలేదు, ఆ నెలంతా పప్పుచారే.

దాన్ని ఎండ తగలని గోడకు, అద్దం బొమ్మకు ఆనకుండా కట్టించి పెట్టాను. ఇప్పుడు మంచి ధర పలుకుతుంది, అమ్మేయమని మా పెద్దవాడి పట్టు. వాడు చెడ్డవాడు కాడు, ఇంటిమీద అప్పుంది. అయినా నేను ఒప్పుకోలేదు. నా తదనంతరం అది పదిమందీ చూసే చోట ఉండాలని వీలునామాలో రాశాను. మాస్టారికి నేను చెల్లించగలిగిన గురుదక్షిణ అదే.

సభ్యుల ఇళ్లలో పాత పెట్టెల్లో ఇటువంటి కాగితం ఏదైనా ఉంటే మడవకండి, సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు. ముందు ఒక భూతద్దం తెచ్చుకోండి. దగ్గర లేకపోతే నాది ఇస్తాను.